ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆఖర్న తిండి

సందేహం: మా బియర్డెడ్ డ్రాగన్‌కి (పెంపుడు బల్లి) రెండేళ్లు. 300 గ్రాములు ఉండేది, ఇప్పుడు 265కి దిగింది. వారం నుంచి తిండి ముట్టడం లేదు, కళ్లు గుంటలు పడ్డాయి. సిరంజితో గుమ్మడి గుజ్జు పట్టిస్తే కక్కేస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ సిరంజి పక్కన పెట్టండి. ఈ జాతి బల్లులకు ఒంట్లో సొంత వేడి పుట్టదు, చుట్టూ ఉన్న వేడితోనే పొట్ట పనిచేస్తుంది. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు మేపితే తిండి అరక్క లోపలే కుళ్లుతుంది. మీది కక్కడానికి అదీ ఒక కారణం కావచ్చు. అది లైటు కింద వేడి కాచుకునే చోట 38 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉందేమో థర్మామీటరుతో చూడండి. చేత్తో తాకి వేసే అంచనా పనికిరాదు. యూవీబీ లైటు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చేది) వెలుగుతూనే ఉన్నా ఏడాది దాటితే మార్చేయండి.

కళ్లు గుంటలు పడ్డాయంటే ఒంట్లో నీరు తగ్గింది. నోట్లో జొల్లు తీగలా సాగుతున్నా, విసర్జనలో తెల్లగా ఉండాల్సిన ముద్ద పసుపు రంగులో గట్టిపడినా అదే అర్థం. వెడల్పాటి గిన్నెలో 30 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు భుజాల దాకా పోసి 15 నిమిషాలు కూర్చోబెట్టండి. నీరసంగా ఉన్న ప్రాణి తల వాల్చేస్తే మునిగిపోతుంది, ఫోన్ మోగినా పక్కనుంచి లేవొద్దు. తర్వాత మూతి చివర ఒక్క చుక్క వేయండి. నాలుక చాపి నాకుతుంది. ఆ నాలుక లోపలికి వెళ్లి నోరు మూసుకున్నాకే రెండో చుక్క. రోజు మొత్తానికి 4-5 మి.లీ. చాలు, అదీ మూడు దఫాలుగా. శ్వాసనాళం నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది కాబట్టి సిరంజితో ఒక్కసారిగా కొడితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఒళ్లు వెచ్చబడి, కళ్లు కాస్త తేటపడ్డాక పలచటి జావ 1 మి.లీ.తో మొదలుపెట్టండి. గుమ్మడి ఒక్కటే బలం ఇవ్వదు, జబ్బు పడ్డ సరీసృపాలకు ఇచ్చే పొడి డాక్టరును అడగండి. పాలు మాత్రం వద్దు, వాటికి అరగవు. రోజూ ఒకే వేళకు తూకం వేసి రాసుకోండి.

బరువులో పదో వంతుకు పైగా పోయింది కాబట్టి ఇదంతా డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు చేసే పనే. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, కాళ్లు వణుకుతున్నా, పొట్ట ఉబ్బినా ఏమీ పట్టించకుండా వెంటనే బయల్దేరండి. తాజా మలం దొరికితే చిన్న డబ్బాలో వెంట తీసుకెళ్లండి, పురుగులు ఉన్నాయేమో అందులో తేలుతుంది. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడగండి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా మీకూ అంటుకోగలదు.