పిల్లలకు మంచి తిండి గురించి చెప్పాలంటే ముందు గోడ మీది చార్ట్ తీసేయండి

"రెండు, మూడు తరగతుల పిల్లలకి పోషకాహారం గురించి, మంచి అలవాట్ల గురించి బోర్ కొట్టకుండా ఎలా చెప్పాలి? మంచి చార్ట్ ఏదైనా ఉందా?" అని అడిగారు. పందొమ్మిదేళ్లుగా చిన్న తరగతులకే చెబుతున్నాను కాబట్టి ఇందులో నా మాట చెల్లుతుందనే అనుకుంటున్నాను. చార్ట్ సంగతి అయితే, వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే నేను చేసిన ఒక తెలివితక్కువ పని బయటపెట్టాలి.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఉత్సాహం ఎక్కువ, బుర్ర తక్కువ. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని బొమ్మలు కత్తిరించి, అతికించి పెద్ద చార్ట్ చేశాను. ఒకవైపు ఆకుపచ్చ రంగు, నవ్వు ముఖం, 'మంచి తిండి'. రెండోవైపు ఎర్ర రంగు, ఏడుపు ముఖం, 'చెడ్డ తిండి'. అక్కడితో ఆగినా బాగుండేది. రోజూ భోజనం బెల్లు కొట్టగానే ఒక్కొక్కరి డబ్బా మూత తీయించి చూసేదాన్ని. లోపల ఉన్నదాన్ని బట్టి చార్ట్ పక్కన పేరు ముందు ఆకుపచ్చ స్టార్ గానీ ఎర్ర చుక్క గానీ. నెలాఖరుకి ఎక్కువ స్టార్లు వచ్చినవాళ్లకి బహుమతి. ఏమిటా బహుమతి? చాక్లెట్. నవ్వకండి. పోషకాహారం మీద క్విజ్ పెట్టి గెలిచినవాళ్లకి బిస్కెట్ ప్యాకెట్లు పంచిన టీచర్లని నేను ఈ ఏడాది కూడా చూశాను.

మొదటి రెండు వారాలు నాకు తిరుగులేదు. ఎవరు వచ్చినా హెడ్ టీచర్ మా క్లాసుకే తీసుకొచ్చి చార్ట్ చూపించేవారు. మూడో వారంలో వెనక బెంచీ పిల్లాడొకడు భోజనం వేళ "ఆకలి లేదు టీచర్" అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. పిల్లలన్నాక ఒక్కోసారి తినరు కదా అని నేనూ వదిలేశాను. ఐదో రోజు మధ్యాహ్నం పాఠం చదువుతూ చదువుతూ బల్ల మీద తల వాల్చేశాడు. జ్వరమేమోనని నుదురు ముట్టుకుంటే చల్లగా ఉంది. పక్కన కూర్చున్న పిల్ల ఎంత మామూలుగా చెప్పిందో: "వాళ్లమ్మ రోజూ ఎర్ర చుక్క తిండే పెడుతుంది టీచర్. అందుకే వాడు డబ్బా తెరవడం లేదు."

సంచిలో చూస్తే డబ్బా మూత బిగించినట్టే ఉంది.

సాయంత్రం వాడిని తీసుకెళ్లడానికి వాళ్ల నానమ్మ వచ్చింది. అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయింది. "డబ్బా రోజూ ఖాళీగానే వస్తోందమ్మా! కోడలు నైట్ డ్యూటీ చేసి వచ్చి, ఇంట్లో ఉన్నదేదో సర్ది పంపించి పడుకుంటుంది." మరి ఆ తిండి ఎక్కడికి పోతున్నట్టు? బడి వదలగానే గేటు దగ్గర కుక్కకి పెట్టేస్తున్నాడు. ఆ కుక్క నాలుగు గంటలకల్లా వచ్చి వాడికోసం కాచుకుని ఉండేదని తర్వాత తెలిసింది. నా చార్ట్ వల్ల బాగుపడింది అదొక్కటే.

ఎనిమిదేళ్లవాడు కూరగాయలు కొనడు, వంట చేయడు, ఇంటి ఖర్చులు చూడడు. వాడి డబ్బాకి మార్కులు వేయడమంటే వాడి ఇంటికి మార్కులు వేయడమే. మీ అమ్మ నీకు చెడ్డది పెడుతోంది అని నలభై మంది ముందు చెప్పాను నేను. చార్ట్ ఆ సాయంత్రమే పీకేశాను. ఎర్ర చుక్క మాత్రం పిల్లల నోళ్లలో ఇంకో రెండు నెలలు ఉండిపోయింది.

అయినా ఆ చార్టుల సంగతి కూడా ఏముంది లెండి. మెట్లుమెట్లుగా ఉండే త్రిభుజం బొమ్మ గుర్తుందా? అమెరికా వ్యవసాయ శాఖ 1992లో తెచ్చింది. అడుగున బ్రెడ్డు, అన్నం లాంటివి రోజుకి 6 నుంచి 11 వంతులు తినొచ్చని ఉండేది. 2011లో వాళ్లే దాన్ని పక్కనపెట్టి పళ్లెం బొమ్మ ఇచ్చారు, అందులో సగం పళ్లూ కూరగాయలే. వేసినవాళ్లే మార్చేసిన బొమ్మని మనం ఇప్పటికీ డ్రాయింగ్ షీట్ మీద ఎక్కించి బట్టీ పట్టిస్తున్నాం. ఆ షీటు వేసేది కూడా పిల్లలు కాదు, రాత్రిపూట వాళ్ల అమ్మానాన్నలు.

ఇంకో పాడు అలవాటు, మంచి కోసమే కదా అని పిల్లలకి అబద్ధాలు చెప్పడం. క్యారెట్ తింటే చూపు బాగుంటుందని నేనూ చెప్పాను. వారం పాటు క్యారెట్లు నమిలి ఒకమ్మాయి వచ్చి "టీచర్, నా కళ్లద్దాలు ఎప్పుడు తీసేయొచ్చు?" అని అడిగింది. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది, నిజమే. తగినంత ఉన్నవాళ్లు బుట్టెడు తిన్నా కళ్లద్దాలు పోవు. రెండో ప్రపంచ యుద్ధంలో తమ పైలట్లు చీకట్లో శత్రు విమానాల్ని కూల్చడానికి క్యారెట్లే కారణమని బ్రిటన్ ప్రచారం చేసింది. అసలు కారణం రాడార్. ఈ కథ చెబితే పిల్లలు క్యారెట్‌ని ఇంకా ఇష్టంగా చూస్తారు, అబద్ధంతో పని లేదు.

సరే, మీ ప్రశ్నకొస్తా. ఇప్పుడు నేను మంచి, చెడు అనే మాటలు వాడను. చక్కెర గురించి చెప్పాలంటే ఒక ఖాళీ కూల్ డ్రింక్ డబ్బా, ఒక గాజు గ్లాసు, చక్కెర, చెంచా పట్టుకెళ్తాను. 330 మిల్లీలీటర్ల కోలాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. చెంచాకి నాలుగు గ్రాములు అని చెప్పి, భాగహారం వాళ్లనే చేయమంటాను. దగ్గర దగ్గర తొమ్మిది. ఒక్కొక్కరు వచ్చి ఒక్కో చెంచా గ్లాసులో వేస్తారు. "గుట్టగా తీయాలా, తలకొట్టి తీయాలా టీచర్?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, దాని మీద ఐదు నిమిషాల వాదన. ఇలా పైన కలుపుకునే చక్కెర రోజుకి ఆరు చెంచాలలోపు ఉంటే పెద్దవాళ్లకి కూడా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క బోర్డు మీద రాసి ఊరుకుంటాను. తాగొద్దని ఒక్క మాట కూడా అనను. గ్లాసు సాయంత్రం దాకా బల్ల మీదే ఉంటుంది. ఆ డ్రింకే స్టాఫ్ రూములో కిటికీ పక్కన నిలబడి తాగే టీచర్లుంటే మాత్రం ఈ పాఠం దండగ. పిల్లలు చూస్తారు.

చేతులు ఎందుకు కడగాలో చెప్పడానికి చమ్కీ పొడి చాలు. ఒకడి చేతికి రాస్తే పది నిమిషాల్లో క్లాసంతా మెరుస్తుంది, క్రిములు ఎలా పాకుతాయో వేరే చెప్పక్కర్లేదు. ఇరవై సెకన్లు రుద్దమంటే ఇరవై అంకెలు తొమ్మిది సెకన్లలో లెక్కపెట్టేస్తారు, గోడ గడియారం చూపించండి. నిద్ర, ఆటల సంగతి మాత్రం తల్లిదండ్రులకే చెప్పండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, రోజుకి గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలి. హోంవర్కు ఇచ్చేదీ మనమే, ఆటల పీరియడ్‌లో లెక్కలు చెప్పేదీ మనమే, మళ్లీ ఉపన్యాసమూ మనమే ఇస్తే ఎలా?

అన్నిటికంటే నాకు పనికొచ్చింది 'రుచి పుస్తకం'. నెలకి రెండుసార్లు ఏదో ఒక కూరగాయో పండో చిన్న ముక్కలు చేసి పెడతాను. తినాలని లేదు. వాసన చూడొచ్చు, నాలుకకి తాకించి వదిలేయొచ్చు, కాగితంలో ఉమ్మేయొచ్చు కూడా. 'ఛీ', 'యాక్' అనకూడదు, అంతే. ఎలా ఉందో ఒక మాట రాయాలి. కరకర, వగరు, చప్పన, ఏదైనా సరే. కొత్త రుచి అలవాటవడానికి కొందరు పిల్లలకి పది పదిహేనుసార్లు పడుతుంది. ఇళ్లలో మూడోసారికే "మావాడు ఇది తినడండీ" అని తేల్చేస్తారు. లేదంటే బలవంతం. చిన్నపిల్లల మీద చేసిన ఒక ప్రయోగంలో, సూప్ మొత్తం తాగమని వెంటపడినప్పటి కంటే ఊరికే వదిలేసినప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు. నా క్లాసులో చూసిందీ అదే.

కాకపోతే వీటన్నిటికీ టైం కావాలి. చేతులు కడుక్కునే వరసతో కలిపి ఇరవై నిమిషాల భోజన విరామం ఇచ్చి, బాగా నమిలి తినండి అని గోడ మీద రాయించే బడుల గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇవాళ అవ్వదు.

పోయినేడాది ఒకమ్మాయి పుస్తకంలో పచ్చి బీట్‌రూట్ పేజీ నా దగ్గర ఇంకా ఉంది. మొదటిసారి 'మట్టి' అని రాసింది. రెండోసారి 'తడి మట్టి'. నాలుగోసారి 'తియ్య మట్టి'. ఏడోసారి గడి ఖాళీగా ఉంది. ఏమ్మా రాయలేదేం అంటే, "తినేశాను టీచర్, రాయడం మర్చిపోయాను" అంది.