ఇంగ్లిష్ సరిగ్గా రాకపోయినా విదేశీ విద్యార్థికి తోడుగా ఉండగలమా?

"మాది పర్లాకిమిడి. దగ్గర్లోని కాలేజీవాళ్ళు విదేశీ విద్యార్థులకు తోడుగా ఉండే కుటుంబాలు కావాలంటున్నారు. నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. పేరు ఇవ్వమంటారా?" అని అడిగారు.

ఇవ్వండి. నాదీ మీ ఊరే. టాంజానియా నుంచి వచ్చిన ఒక కుర్రాడికి రెండేళ్ళు తోడుగా ఉన్నాను.

1936లో మన ఊరు ఒడిశాలో కలిసిన దగ్గర్నుంచి మనకు ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే బోర్డులన్నీ తెలుగులో ఉంటాయి. చేతిలో కాగితం పట్టుకుని, చదివిపెట్టే మనిషి కోసం చూడడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పిల్లలకు మొదట కావాల్సింది ఆ చదివిపెట్టే మనిషే. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళో మాస్టారుగా ఉంటూనే, సవర గిరిజనుల భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. మీకైతే అంత కష్టం కూడా లేదు.

నేను చేసిన తప్పులు చెప్తాను, మీకు పనికొస్తాయి. మొదట్లో "ఎప్పుడైనా ఇంటికి రా" అన్నాను. నెలైనా రాలేదు. ఒకరోజు బజారులో కనిపిస్తే మనిషి సగమైపోయి ఉన్నాడు. నాలుగు రోజులు జ్వరంతో గదిలో ఒక్కడే పడున్నాడట. ఫోన్ ఎందుకు చెయ్యలేదంటే, "మీకు పనులుంటాయి కదా అన్నా" అన్నాడు. నా పిలుపును మర్యాదకు అన్న మాట అనుకున్నాడు. ఆ రోజే చెప్పాను, ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, నువ్వు రాకపోతే నేనే వస్తానని. అప్పట్నుంచి వారం వారం వచ్చేవాడు.

రెండోది ఇంకా పెద్దది. సంతోషిస్తాడని పాతపట్నంలో బంధువుల పెళ్ళికి తీసుకెళ్ళాను. అందరూ సెల్ఫీలకు ఎగబడ్డారు, పిల్లలు జుట్టు పట్టుకుని చూశారు. అక్కడ నవ్వుతూనే ఉన్నాడు గానీ తిరిగొచ్చే దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఆదివారం రాలేదు. నేనే గదికి వెళ్ళి క్షమాపణ అడిగాను. అప్పుడు ఊరుకున్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. తనను అడగకుండా ఎవరైనా ఫోటో తీయబోతే, మన చుట్టాలే కదా అని మొహమాటపడకండి, ఆపండి.

వాడికి ఇంట్లో అందరికంటే దగ్గరైంది మా అమ్మ. ఆవిడకు ఇంగ్లిష్ ముక్క రాదు. మన కారం తినలేకపోతున్నాడని, మీ ఊళ్ళో ఏం తింటారో వండి చూపించమంది. వాళ్ళు రోజూ తినేది ఉగాలి. మొక్కజొన్న పిండిని మరిగే నీళ్ళలో పోసి గట్టిపడేదాకా తిప్పుతారు. అమ్మ చోడంబలి (రాగి అంబలి) కాచే గిన్నె ఇచ్చి పక్కన నిలబడింది. వాడు వండి మా అందరికీ వడ్డించాడు. చాయ్, చపాతీ వాళ్ళ స్వాహిలీలో కూడా అవే మాటలట. మా పక్కింటి ఒడియావాళ్ళకు కాకా అంటే బాబాయి, వాడి భాషలో అన్న. ఆ ఒక్క మాట మీదే సాయంత్రం అయిపోయింది. వాడు మా ఇంట్లో గట్టిగా నవ్వింది ఆ రోజే. ఎప్పుడూ మనమే పెట్టి వాళ్ళను తీసుకునేవాళ్ళుగా కూర్చోబెడితే ముడుచుకుపోతారు.

రూల్స్ కూడా కాస్త తెలుసుకోండి. 180 రోజులకు మించిన స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు దిగిన 14 రోజుల్లోపు విదేశీయుల నమోదు ఆఫీసు (FRRO)లో నమోదు చేయించుకోవాలి. అయిందా లేదా అని ఒకసారి గుర్తుచేస్తే చాలు. రాత్రి మీ ఇంట్లో పడుకుంటే మాత్రం 24 గంటల్లోపు ఆ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో తెలియజేయాల్సింది మీరే. చేతిలో డబ్బు లేదు పాపం అని షాపులో పని ఇవ్వకండి. స్టూడెంట్ వీసా మీద జీతానికి పనిచేయకూడదు, చిక్కుల్లో పడేది వాళ్ళే.

పేరు ఇచ్చేటప్పుడు "వీలున్నప్పుడు" అని రాయకండి. వారంలో ఏ రోజు, ఎన్ని గంటలకో రాసివ్వండి.