జీవనభృతి అనొచ్చా?

సందేహం: గుంటూరు బ్రాడీపేటలో మా పక్కింటి తాతగారు, మామ్మగారు ఇల్లు అమ్ముతున్నారు. కొనేవాళ్లు ఇప్పుడు కొంత ఇచ్చి, మిగతాది వీళ్లు బతికున్నంతకాలం నెలనెలా ఇస్తారట. వీళ్లు అదే ఇంట్లో ఉంటారు. దస్తావేజు ముసాయిదాలో ఆ డబ్బును 'జీవనభృతి' అన్నారు, 'మా తదనంతరం స్వాధీనం' అని కూడా రాశారు. ఇంకొకాయన దీన్ని భోగ్యం అంటారన్నారు. ఏది సరైన మాట?
– ఒక పాఠకురాలు

సమాధానం: భోగ్యం కానే కాదండి. అప్పిచ్చినవాడు వడ్డీకి బదులు ఆస్తిని అనుభవిస్తే అది భోగ్యం. ఇక్కడ అప్పు ఊసే లేదు, ఇంట్లో ఉండేది అమ్మినవాళ్లే.

జీవనభృతి గురించి కాస్త ఓపిగ్గా చెప్పాలి. తెలుగులో జీవనం అంటే బతుకుతెరువు. కాబట్టి ఆ మాట వింటే పొట్ట గడవడానికి ఇచ్చే డబ్బు అని తెలుస్తుంది తప్ప, బతికున్నంతకాలం అనే అర్థం రాదు. అంతకన్నా పెద్ద చిక్కు భృతితో ఉంది. ఒకప్పుడు జీతం, కూలి అనే అర్థాలున్న మాటే అయినా, నిరుద్యోగ భృతి లాంటి వాడుక వచ్చాక అది ఎవరో దయతలచి ఇచ్చే సాయంలా వినిపిస్తోంది. మీ పక్కింటివాళ్లకు నెలనెలా రావాల్సింది వాళ్ల ఇంటి ధర! 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్‌లో క్రయానికి ఇచ్చిన నిర్వచనం చూడండి, ధర మొత్తం చెల్లించినా, చెల్లిస్తానని మాటిచ్చినా, కొంత ఇచ్చి కొంతకు మాటిచ్చినా అది క్రయమే. ఇల్లు కొన్నవాళ్ల పేరు మీదికి మారాక కూడా, రావాల్సిన ధర మేరకు అమ్మినవాళ్లకు ఆ ఇంటి మీద హక్కు ఉంటుందని 55వ సెక్షన్ చెబుతుంది. కాగితంలో ధర అని లేకుండా భృతి అని ఉంటే, రేపు వాయిదాలు ఎగ్గొట్టిన రోజున ఆ హక్కు కోసం వాదించడం ఎంత టెన్షనో ఆలోచించండి. అందుకని 'క్రయధనంలో మిగిలిన భాగం, నెలసరి వాయిదాలుగా' అని రాయించండి. మొత్తం ఏర్పాటుకు పేరు కావాలంటే 'జీవితకాల వాయిదాల క్రయం' అనొచ్చు.

కౌలు అంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. అమరావతి భూసమీకరణలో రైతులకు ఏటా ఇచ్చేదాన్ని ఇంగ్లిషు కాగితాల్లో యాన్యుటీ అంటే మన ఊళ్లలో కౌలు అన్నారు, అక్కడ అది చక్కగా అతికింది. కానీ దానికి మొదట పదేళ్లని గడువు పెట్టారు, ఇక్కడ గడువు మనిషి ఆయుష్షు.

ఆయుష్షు మీద బేరం ఎంత దూరం పోతుందో ఫ్రాన్స్‌వాళ్లకు బాగా తెలుసు, వాళ్లు దీన్ని వియాజే అంటారు. ఆర్ల్ పట్టణంలో 90 ఏళ్ల జీన్ కాల్మెంట్ 1965లో తన ఇంటిని నెలకు 2,500 ఫ్రాంకుల చొప్పున ఒక నోటరీకి ఇలాగే అమ్మింది. ఆయన 1995లో పోయాడు, ఆమె 122 ఏళ్లు బతికి 1997లో పోయింది. ఆయన తర్వాత వాయిదాలు కట్టింది ఆయన కుటుంబమే, ఇంటి విలువకు రెట్టింపు పైనే అయింది. మీ ముసాయిదాలో 'కొనుగోలుదారు' ఒక్కడే ఉంటే పక్కన 'వారి వారసులు' కూడా చేర్పించండి.

ఇక 'మా తదనంతరం'. తత్ అంటే 'అది', కాబట్టి నిజానికి 'మా అనంతరం' చాలు, కానీ దస్తావేజుల్లో తరతరాలుగా పాతుకుపోయింది, దాంతో నాకు పేచీ లేదు. పేచీ 'మా'తోనే. ఇద్దరూ పోయాకా, ఒకరు పోతే చాలా? తాతగారు ముందు పోతే మామ్మగారికి వాయిదా సగమవుతుందా, పూర్తిగా వస్తుందా, ఆమె ఇంట్లో ఉండొచ్చా? ఆ ఒక్క మాట ఏదీ తేల్చదు. 'మా ఇద్దరిలో చివరగా జీవించి ఉన్నవారి జీవితకాలం ముగిసే వరకు, వాయిదా మొత్తం తగ్గకుండా, ఇదే ఇంట్లో నివాసముంటూ' అని విడమరిచి రాయించండి. పొడుగైనా ఫర్వాలేదు. ముందిచ్చే డబ్బును మాత్రం బయానా అనొద్దు, అది బేరం కుదిరినందుకు ఇచ్చేది, ఇక్కడ 'మొదటి విడత' అనాలి.