పరగడుపు పరీక్ష ఒక్కటే చాలదు

ముప్పై దాటిన తరువాత, అతిదాహం, నీరసం వంటివేమీ లేకపోయినా షుగరు పరీక్ష చేయించుకోవాలా అని మీరు అడిగారు. తప్పక చేయించుకోవాలి, పరగడుపున ఒకసారి రక్తమిచ్చి అంతటితో సరిపెట్టుకోవద్దు.

మాది కోనసీమ. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి మా ఊరి ప్రభను, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి దేవుడి పేర అలంకరించిన చట్రాన్ని, భుజాన మోసేవారిలో మా నాన్నగారు ఏటా ఉండేవారు. ఆయనకు 52 ఏళ్లు వచ్చిన సంవత్సరం కూడా చెప్పులు లేకుండా వరిచేలకు అడ్డంపడి, కౌశిక కాలువ నీళ్లలో దిగి, ప్రభను అవతలి ఒడ్డుకు చేర్చి, చీకటిపడ్డాక ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నారు. తెల్లవారి గచ్చు తుడుస్తున్న అమ్మకు గుమ్మం నుంచి మంచం దాకా ఎండిన నెత్తుటి మరకలు కనిపించాయి. ముందు పిల్లల కాళ్లన్నీ చూసింది. చివరికి నాన్నగారి కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో, సీసాపెంకు దిగబడి కనిపించింది. నొప్పెట్టలేదా అంటే, "ఏమీ తెలియలేదే" అన్నారు.

అది ఆయన ఓర్పనుకున్నాం. అమలాపురంలో డాక్టరుగారు ఆయనను కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ పోగును అరికాలికి పదిచోట్ల ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. నాన్నగారు మూడుసార్లే చెప్పారు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయింది. రక్తంలో చక్కెర రెండుమూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో 10.2 శాతం వచ్చింది, 6.5 వచ్చినా మధుమేహం కిందే లెక్క.

అంతకు రెండేళ్ల ముందు ఒక ల్యాబులో ఆయనకు పరగడుపున 118 వస్తే, "బోర్డరులో ఉంది, తీపి తగ్గించండి" అని కాగితం చేతికిచ్చి పంపించడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 126 వస్తే మధుమేహం, 118 దాని ముందుదశ. ఆనాడే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తరువాత చూసి ఉంటే 200 దాటేదని, మధుమేహమని అప్పుడే తేలేదని నా గట్టి నమ్మకం. పరగడుపున బాగానే ఉండి, తిన్న తరువాతే పెరిగేవారు మనలో తక్కువేమీ కాదు. మూడుపూటలా వరి అన్నం తినే మన డెల్టాలో ఆ రెండో పరీక్షను ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు. పైగా పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి అన్నం మానేసి వెళ్లేవారూ ఉన్నారు. అలా వచ్చిన అంకె వారి రోజువారీ స్థితిని చెప్పదు.

శిబిరాల్లో వేలిని గుచ్చి చూసేది అనుమానాన్ని పట్టడానికే గాని నిర్ధారణకు కాదు. అందుకు నరం నుంచి రక్తం ఇవ్వాలి. లక్షణాలు లేనివారికి మొదటిసారి ఎక్కువ వచ్చినా మరో పరీక్షతో సరిచూడాలి. రక్తహీనత ఉన్న ఆడవారికి హెచ్‌బిఎ1సి ఒక్కటే చూస్తే లెక్క తప్పవచ్చు.

నాకు 34వ ఏట ఆశా కార్యకర్త టేపుతో నడుము కొలిచి, 96 సెంటీమీటర్లుందని పరీక్షకు పంపారు. మగవారికి 90, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలి. నాకు పరగడుపున 104 వచ్చింది, గ్లూకోజు తాగాక 171. ఇదీ ముందుదశే, అయినా ఏ లక్షణమూ లేదు. ముప్పై దాటినవారికి ప్రభుత్వ ఉపకేంద్రాల్లో ఈ తొలి పరీక్ష ఉచితమే. మీ అమ్మగారికో నాన్నగారికో షుగరు ఉంటే ఈ వారమే వెళ్లండి, గ్లూకోజు తాగాక చేసే పరీక్ష కూడా కావాలని అడగండి.