పాత ట్యాంకులో కొత్త అలలు: ముందు ఏం కొనాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. మా కాలేజీ ల్యాబ్‌లో 40 మీటర్ల పొడవు, మీటరున్నర లోతు ఉన్న పాత టోయింగ్ ట్యాంకు ఉంది. పడవ మోడల్‌ను ట్యాంకు మీద పట్టాలపై నడిచే బండికి (క్యారేజ్) కట్టి లాగి, నీటి నిరోధం ఎంతో కొలుస్తాం. ఇప్పుడు అలల్లో కూడా టెస్ట్ చేయాలని ఉంది. మా సార్లు సర్వో మోటార్ (కదలికను కచ్చితంగా అదుపు చేసే మోటార్) వేవ్ మేకర్, అంటే అలలు పుట్టించే యంత్రం, కొందామంటున్నారు. డబ్బులేమో విడతలుగా వస్తాయి. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: వేవ్ మేకర్‌తో మాత్రం మొదలుపెట్టకండి. ముందు అవతలి చివర బీచ్ కట్టించండి, అంటే వచ్చిన అలను మింగేసే వాలు. చిల్లుల పలకలతో ఊళ్లోని ఫ్యాబ్రికేషన్ షాపులోనే చేయించుకోవచ్చు, పొడవు మాత్రం మీ అతి పెద్ద అల పొడవుకు (ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా ఉన్న దూరం) తగ్గకూడదు. అల ఎత్తులో పదో వంతు వెనక్కి తిరిగి వచ్చినా శక్తి లెక్కలో అది ఒక్క శాతమే, పోనీలే అనిపిస్తుంది, కానీ 3 సెంటీమీటర్ల ఎత్తు అల ఒకచోట 3.3, ఇంకోచోట 2.7 అయిపోతుంది, ఇక మోడల్‌కు తగిలింది ఏ అలో ఎవరు చెప్పాలి? పైగా బీచ్ బాగుంటే ఒక రన్ (మోడల్‌ను ఒకసారి లాగడం) అయ్యాక నీళ్లు త్వరగా నిలకడకు వస్తాయి.

తర్వాత లెక్క చూసుకోండి. 30 మీటర్ల పడవను 1:20 స్కేల్‌లో చేస్తే మోడల్ మీటరున్నర. వేగం స్కేల్ వర్గమూలం ప్రకారం తగ్గుతుంది కాబట్టి 10 నాట్ల వేగం (గంటకు దాదాపు 18.5 కిలోమీటర్లు) అంటే ట్యాంకులో సెకనుకు 1.15 మీటర్లు. లోతు అల పొడవులో సగమైనా ఉంటేనే అలకు అడుగు తగలదు, అంటే మీకు 3 మీటర్ల పొడవున్న అల దాకా ఫర్వాలేదు, మోడల్ పొడవుకు అది రెట్టింపు, చాలు. అయితే 40 మీటర్లలో వేగం అందుకోవడానికి, బ్రేక్ వేయడానికి పోగా మిగిలేది సగమే అనుకుందాం. మోడల్ పొడవంత అలలకు ఎదురెళ్తే 30 దాకా తగులుతాయి. ఒకే రకం అలలకు ఇది బాగానే సరిపోతుంది, సముద్రంలోలా కలగాపులగం అలలైతే కనీసం వంద తగలాలి కాబట్టి నాలుగైదు రన్‌లు కలుపుకోక తప్పదు.

రెండో విడతలో వేవ్ ప్రోబ్‌లు (అల ఎత్తు కొలిచే సెన్సార్లు), మోడల్ పైకీ కిందికీ ఊగేలా, ముక్కు ఎత్తి దించేలా వదిలే కొత్త టోయింగ్ రిగ్ కొనండి. వేవ్ మేకర్ ఆ తర్వాతే, అదీ అడుగున కీలున్న ఫ్లాప్ రకం, అంటే ముందుకీ వెనక్కీ ఊగి అల పుట్టించే పలక. సర్వో డ్రైవ్ కేబుళ్లను ప్రోబ్ కేబుళ్ల పక్కనే లాగారంటే గ్రాఫ్ నిండా నాయిసే, ఆ టెన్షన్ ఎందుకు, ముందే వేరుగా లాగించండి.

మోడల్‌లో బరువులు సర్దడానికి ఖర్చు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పిచ్ గైరేషన్ రేడియస్ (ముక్కు ఎత్తి దించే ఊగుకు బరువు మధ్య నుంచి ఎంత దూరాన పరుచుకుందో చెప్పే కొలత) మోడల్ పొడవులో దాదాపు పావు వంతు రావాలి. అది కుదరకపోతే ఎంత ఖరీదైన అల పుట్టించినా వృథా. నీటి ఉష్ణోగ్రత కూడా ప్రతిసారీ రాయండి: 15 డిగ్రీల దగ్గరి కంటే 30 దగ్గర నీటి స్నిగ్ధత (జిగట) దాదాపు 30 శాతం తక్కువ, అందుకే మన ఎండాకాలం రీడింగులు చలికాలం వాటితో కలవవు.

ప్రశ్న: లక్నవరం చెరువు పక్కనే ఉండగా ట్యాంకు ఎందుకండీ? (ములుగు పాఠకుడు)

జవాబు: ఓడల మోడల్ పరీక్షలకు బాట వేసిన ఇంజినీరు విలియం ఫ్రూడ్ కూడా 1867లో ఇంగ్లండ్‌లోని డార్ట్ నది మీదే మోడళ్లు లాగాడు, ఆ తర్వాత 1872 నాటికి టార్కీలో ట్యాంకు కట్టుకున్నాడు. చెరువులో అల గాలి ఇష్టం, పొద్దున వచ్చింది సాయంత్రం రాదు. అదే అల మళ్లీ వస్తేనే కదా రెండు పడవలను పోల్చేది. మోడల్‌లోకి నీళ్లు వస్తున్నాయా లేదా చూసుకోవడానికైతే మీ చెరువు బ్రహ్మాండంగా పనికొస్తుంది.