స్టాల్‌మన్ ఫొటో బ్యానర్ మీద వెయ్యాలా వద్దా: నా అనుభవంలోంచి జవాబు

మీరు అడిగింది ఇదీ: సెప్టెంబరు మూడో శనివారం మీ కాలేజీలో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే (స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి జనానికి చెప్పే రోజు) చేస్తున్నారు. బ్యానర్ మీద ఆ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ ఫొటో వెయ్యాలని కొందరంటే, అది వేస్తే మేం రామని క్లాసులో కొంతమంది అమ్మాయిలు అంటున్నారు. ఆయన మీద వచ్చిన వివాదాల్లో నిజమెంత, అంత పని చేసిన మనిషిని మనలాంటి వాళ్లం నిలదీయొచ్చా అని. నేను కావలి దగ్గర ఇంజనీరింగ్ చదివేటప్పుడు కాలేజీ గ్నూ లినక్స్ (విండోస్ లాంటిదే, కానీ ఎవరైనా చదివి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్) గ్రూపులో ఉన్నాను, ఇప్పుడు ఒంగోలులో ల్యాబులు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. ఇలాంటి గొడవే మా గ్రూపులో చిన్న స్థాయిలో జరిగింది కాబట్టి రాస్తున్నా, కొంచెం పొడుగే అవుతుంది.

నిలదీయొచ్చు, నిలదీయాలి కూడా. ఆయన చేసిన పనికి మనం రుణపడి ఉన్నాం, అది ఒక విషయం. ఆయన పదవిలో ఉండాలా వద్దా అన్నది ఇంకో విషయం. మీ కాలేజీలో గొడవంతా ఈ రెండూ కలిపేయటం వల్ల వచ్చిందని నాకనిపిస్తోంది.

పనిని తక్కువ చెయ్యటానికి లేదు. 1983లో స్వేచ్ఛగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచెయ్యటానికి గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1985లో ఆ పనికి అండగా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు, 1989లో జీపీఎల్ అనే లైసెన్సు మొదటి వెర్షన్ తెచ్చాడు. మీరు ల్యాబులో సీ ప్రోగ్రాములు కంపైల్ చేసే జీసీసీని మొదలుపెట్టింది ఆయనే. మీ ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్న లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) జీపీఎల్ రెండో వెర్షన్ కింద ఉంది. ప్రోగ్రాము ఎవరి చేతికొస్తే వాళ్లకి దాన్ని చదివే, మార్చే, పదిమందికీ పంచే హక్కు ఉండాలన్న ఆలోచనను చట్టం ముందు నిలబడే లైసెన్సుగా మార్చిన మనిషి. 2001లో తిరువనంతపురంలో మన దేశపు ఫౌండేషన్ మొదలైనప్పుడు కూడా వచ్చాడు.

ఇక వివాదం. మైనర్ అమ్మాయిల మీద లైంగిక నేరాలు చేసిన అమెరికా ధనవంతుడు జెఫ్రీ ఎప్‌స్టీన్ వ్యవహారంలో ఒక బాధితురాలు ఇచ్చిన వాంగ్మూలంలో, అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్విన్ మిన్స్కీ పేరు వచ్చింది. మిన్స్కీ అప్పటికే, 2016లో, చనిపోయాడు. 2019 సెప్టెంబరులో ఎంఐటీ లోపల నడిచిన ఈమెయిళ్లలో స్టాల్‌మన్ ఆయన్ని వెనకేసుకొచ్చాడు, ఆ అమ్మాయి పూర్తి ఇష్టంతోనే వచ్చినట్టు మిన్స్కీకి కనబడి ఉండొచ్చని రాశాడు. కొన్ని వార్తల్లో మాత్రం ఆ అమ్మాయి ఇష్టంతోనే వచ్చిందని స్టాల్‌మన్ అన్నట్టు వచ్చేసింది. ఈ రెండు మాటలకీ తేడా ఉంది, ఆ తేడా ఆయనకి దక్కాలి. ఎవరినైనా జవాబు అడిగేటప్పుడు వాళ్లు అన్నదే పట్టుకుని అడగాలి, లేకపోతే అసలు ప్రశ్న పక్కకి పోయి చర్చంతా వార్త తప్పా ఒప్పా అన్న దాని మీదే తిరుగుతుంది. ఇక్కడ అచ్చం అదే జరిగింది.

కానీ సరిగ్గా చెప్పినా ఆ మాట చిన్నదేం కాదు. పైగా పాతవి కూడా బయటికొచ్చాయి. పిల్లలతో పెద్దవాళ్ల లైంగిక సంబంధం గురించి ఆయన ఏళ్ల కిందట తన వెబ్‌సైట్లో రాసిన మాటలు ఉన్నాయి, అవి చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. తన అభిప్రాయం మారిందని, పిల్లలకి జరిగే హాని అర్థమైందని ఆయనే ఆ నెలలో రాశాడు. తమతో ప్రవర్తించిన తీరు గురించి ఆడవాళ్లు చెప్పినవి వేరే ఉన్నాయి. సెప్టెంబరు 16న ఎంఐటీలో తన స్థానానికీ, ఫౌండేషన్ అధ్యక్ష పదవికీ, బోర్డుకీ రాజీనామా చేశాడు. గ్నూ ప్రాజెక్టుకి మాత్రం తానే పెద్దగా కొనసాగాడు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ తర్వాత జరిగింది. 2021 మార్చిలో ఫౌండేషన్ ఏటా జరిపే లిబ్రేప్లానెట్ సమావేశంలో ఆయన మాట్లాడుతూ తాను మళ్లీ బోర్డులోకి వచ్చానని, రెండోసారి రాజీనామా చేసే ఉద్దేశం లేదని చెప్పేశాడు. ఆ సమావేశం నడపటానికి కష్టపడిన ఫౌండేషన్ ఉద్యోగులకి కూడా ఆ సంగతి ముందు తెలియదు! తర్వాత ఏప్రిల్లో బోర్డే ఒక ప్రకటనలో ఈ పద్ధతి సరిగ్గా లేదని క్షమాపణ చెప్పుకుంది. ఎందుకు తీసుకున్నారు, ఏం మారిందని నమ్మి తీసుకున్నారు, అభ్యంతరం ఉన్నవాళ్లని ఎవరైనా అడిగారా అన్నవి అసలు ప్రశ్నలు. అవి ముందు రావాలి, పదవి తర్వాత రావాలి. ఏటా చందా కట్టే సభ్యులకి కూడా ఆ బోర్డును ఎన్నుకునే ఓటు లేదు. దాంతో ఆయన్నీ, బోర్డు మొత్తాన్నీ దిగిపొమ్మన్న బహిరంగ లేఖ మీద 3,000 మందికి పైగా, ఆయనే ఉండాలన్న లేఖ మీద 6,000 మందికి పైగా సంతకాలు పెట్టారు. రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీ ఫౌండేషన్‌కి డబ్బు ఆపేసింది. లోపల అడిగే దారి లేనప్పుడు జనం బయట అరుస్తారు, ఇంకేం చేస్తారు? ఆ గొడవ తర్వాతే ఉద్యోగుల తరఫున బోర్డులో ఒక స్థానం ఇచ్చారు.

డెబియన్ అనే లినక్స్ రకాన్ని తయారుచేసే వాళ్లని చూడండి. వాళ్ల ప్రాజెక్టు లీడర్‌ని ఏటా డెవలపర్లు ఓటేసి ఎన్నుకుంటారు. స్టాల్‌మన్ విషయంలో ఏం అనాలన్న దాని మీద కూడా 2021 ఏప్రిల్లో ఓటు పెట్టుకుని, చివరికి ఏ ప్రకటనా చెయ్యకూడదని తేల్చుకున్నారు. ఆ ఫలితం నాకు నచ్చలేదు, కానీ ఎవరు ఎలా నిర్ణయించారో అందరికీ కనబడుతోంది. లినక్స్ కెర్నల్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ సంగతి కూడా ఉంది, తోటివాళ్లని తిట్టిన తీరుకి 2018లో బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పక్కకి తప్పుకుని తిరిగొచ్చాడు.

ఇప్పుడు మా గ్రూపు. దాన్ని మొదలుపెట్టింది ఒక సీనియర్, అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. నిజంగా పని చేసిన మనిషి. కందుకూరు వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో దుప్పట్లు కప్పి మూలన పడేసిన కంప్యూటర్లు ఉండేవి. వాటిని విప్పి, ఫ్యాన్లలో పట్టిన దుమ్ము పెయింటు బ్రష్షుతో దులిపి, ఒకదాంట్లోంచి ర్యామ్ తీసి ఇంకోదాంట్లో పెట్టి, నాలుగు పాడైతే మూడు బతికించి లినక్స్ ఎక్కించేవాడు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ కీబోర్డులో ఒత్తు రావాలంటే మధ్యలో డి కీ నొక్కాలని, లక్ష్మి అని కొట్టాలంటే అది రెండుసార్లు పడుతుందని ఒక ఆరో తరగతి పిల్లకి చెయ్యి పట్టుకోకుండా, విసుక్కోకుండా ఎంతసేపు చెప్పాడో! నేను ఈ రంగంలో ఉన్నానంటే అందులో ఆయన చలవ ఉంది.

అదే మనిషి జూనియర్ అమ్మాయిలకి రాత్రి పదకొండు దాటాక ఫోన్లు చేసేవాడు, ఇన్‌స్టలేషన్ డౌటు అని మొదలుపెట్టి ఎక్కడికో పోయేవాడు. ఎత్తని వాళ్ల పేరు తర్వాతి వర్క్‌షాపు లిస్టులో ఉండేది కాదు. మీకు టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర) ఎందుకమ్మా, పోస్టర్లు చూసుకోండి అని అందరి ముందే అనేవాడు. ఒక జూనియర్ హాస్టల్లో నా గదికొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది, స్క్రీన్ నిండా ఒకే పేరు, మిస్డ్ కాల్స్.

నేనూ ఇంకో ఫ్రెండూ గ్రూపులో అడిగితే వచ్చిన జవాబులు మీరు ఊహించగలరు. అంత చేసిన అన్నని ఎలా అడుగుతాం, బయటికి పొక్కితే ఉద్యమానికే చెడ్డపేరు, ఆయన పోతే వెబ్‌సైటు ఎవరు చూస్తారు. ఈ మూడోదే అసలు భయం. డొమైన్ ఆయన పేరు మీద, మెయిల్ పాస్‌వర్డ్ ఆయన దగ్గర, స్కూలు హెడ్‌మాస్టర్ల నంబర్లన్నీ ఆయన ఫోన్లో. ఆయన అలా కావాలని పెట్టుకున్నాడని నేను అనను, మొదట్నుంచీ పని చేసేది ఆయనొక్కడే కాబట్టి అన్నీ అక్కడే పేరుకుపోయాయి. కానీ ఒక మనిషి లేకపోతే ఏదీ నడవదన్న పరిస్థితి వచ్చాక ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగలేరు. గుడి కట్టించిన ధర్మకర్తనైనా హుండీ లెక్క అడుగుతాం కదా, ఇక్కడ అడగటానికి నోరు రాలేదు ఎవరికీ.

చివరికి కావలి ట్రంక్ రోడ్డు దగ్గర ఒక ఫ్రెండు అద్దె గది డాబా మీద కూర్చున్నాం. వేరే డిపార్ట్‌మెంట్ మేడమ్ ఒకావిడ వచ్చి కూర్చున్నారు, ఆవిడకి మాలో ఎవరితోనూ మొహమాటం లేదు. ఫిర్యాదు చేసిన అమ్మాయిని ఆయన ఎదురుగా కూర్చోబెట్టలేదు, పేరు చెప్పలేదు. ఏమేం జరిగిందో కాయితం మీద రాసి చదివి, ముందు ఆయన్నే మాట్లాడమన్నాం. రాత్రిపూట అబ్బాయిలకి కూడా చేస్తానన్నాడు, అది నిజమే, ఒప్పుకున్నాం. లిస్టులోంచి పేర్లు ఎందుకు పోయాయన్న దానికి మాత్రం జవాబు లేదు. ఏడాదిపాటు వర్క్‌షాపులకి దూరంగా ఉండాలి, పాస్‌వర్డులు ఇద్దరి దగ్గర ఉండాలి, అనువాదం పని మాత్రం ఆయన చేసుకోవచ్చు అని తేల్చాం.

అంతా సవ్యంగా జరిగిపోలేదు. ఆయన చాలా కోపంగా వెళ్లిపోయాడు, పాస్‌వర్డులు వెంటనే ఇవ్వలేదు, వెబ్‌సైటు కొన్నాళ్లు మూతపడింది, ఆయన వెంట నలుగురు జూనియర్లు కూడా పోయారు. ఆ టెన్షన్‌లో నేను సరిగ్గా నిద్రపోలేదు. తర్వాత నెమ్మదిగా అనువాదాలు పంపటం మొదలుపెట్టాడు, బాగున్నవి వాడుకున్నాం, ఆయన పేరు కూడా వేశాం. మానేసిన అమ్మాయిల్లో ఇద్దరు తిరిగొచ్చారు, ఒకమ్మాయి రాలేదు. ఆ అమ్మాయి మా అందరికన్నా బాగా కోడ్ రాసేది. పెద్దమనిషి చేసిన సేవ లెక్కేసేటప్పుడు ఇలా వెళ్లిపోయిన వాళ్లు చెయ్యగలిగిన పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నాకు కోపం వచ్చేది అక్కడే.

కోడ్ చూడండి, మనిషిని చూడకండి అని మీ గ్రూపులో ఎవరో అన్నారని రాశారు. కోడ్ మాటే తీసుకుందాం. జీపీఎల్ రాసిందే ఏ ఒక్కరి మీదా ఆధారపడకుండా ఉండటానికి. స్టాల్‌మన్ రేపు ఏ పదవిలోనూ లేకపోయినా జీసీసీ ఆగదు, ఎవరైనా తీసుకుని ముందుకి నడపొచ్చు. 2021 జూన్‌లో జీసీసీ స్టీరింగ్ కమిటీ, కోడ్ ఇచ్చేవాళ్లు కాపీరైటు ఫౌండేషన్‌కి రాసివ్వాలన్న నిబంధన తీసేసింది, పని అలాగే సాగుతోంది. సోర్సు చూపించకపోతే ఏ కంపెనీనీ నమ్మొద్దని చెప్పే మనం, మన నాయకుల దగ్గరికొచ్చేసరికి ఏమీ అడక్కుండా నమ్మాలంటే ఎలా?

మీ బ్యానర్ సంగతి. ఫ్లెక్స్ ఆర్డర్ ఇచ్చే ముందు ఆ అమ్మాయిలతో కూర్చోండి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో స్టాల్‌మన్ గొప్పతనం ఎత్తకండి. నన్నడిగితే ఎవరి ఫొటో వద్దు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇచ్చే నాలుగు స్వేచ్ఛలూ (వాడటం, చదివి మార్చుకోవటం, పంచటం, మార్చినది పంచటం) తెలుగులో పెద్దక్షరాల్లో వెయ్యండి. జీపీఎల్ చరిత్ర చెప్పే సెషన్‌లో ఆయన పేరు దాచొద్దు, 1983 చెప్పిన నోటితోనే 2019, 2021 కూడా చెప్పండి, జనం అడిగితే వార్తల్లో వచ్చిందేమిటో, ఆయన రాసిందేమిటో రెండూ వివరించండి. బ్యానర్ అడుగున, ఏదైనా ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పాలో ఇద్దరి పేర్లు వెయ్యండి, అందులో ఒకరు మీ గ్రూపు బయటి లేడీ లెక్చరర్ అయితే మంచిది. మీ డొమైన్, మెయిల్ ఎవరి పేరు మీద ఉన్నాయో ఈ వారంలోనే చూసుకోండి. మేం అప్పుడు రాసుకున్న రూల్స్ ఫైలు నా దగ్గర ఇంకా ఉంది, కావాలంటే కింద అడగండి, పేర్లు తీసేసి పెడతా.