30 వేల లోపు టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పే యంత్రం), కార్ట్రిడ్జ్ (దాని ముల్లు ఉండే చిన్న భాగం), ఫోనో ప్రీయాంప్ (ఆ ముల్లు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచేది) కొనాలి. దేనికి ఎంత పెట్టాలి?

మూడింట రెండు వంతులు టర్న్‌టేబుల్‌కే పెట్టండి. అదీ టోన్‌ఆర్మ్ (ముల్లును మోసే చెయ్యి) వెనక తిప్పి సరిచేసుకునే బరువు ఉన్నదానికే. పెట్టెలా మూసి చేత్తో పట్టుకుపోయే సూట్‌కేస్ ప్లేయర్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వినండి.

కడపలో మా ఇంట్లో ఇనుప ట్రంకు నిండా నాన్నగారి గ్రామఫోన్ ప్లేట్లు ఉన్నాయి. మొదట నేను తెచ్చింది ఆ సూట్‌కేస్ ప్లేయరే. నాన్న ఎంతో ఆశగా ఘంటసాల పద్యాల ఈపీ (చిన్న ప్లేటు) పెట్టారు. వారం తిరగకుండానే రెండో పద్యంలో గొంతు పైకి లేచే చోట బరబరమని చీలడం మొదలైంది. అప్పుడే ప్రొద్దుటూరు నుంచి నాన్న స్నేహితులు ఆచారి గారు వచ్చారు. ఆయనది బంగారం పని, సంచిలో చిన్న తూకం ఎప్పుడూ ఉంటుంది. ముల్లును దాని మీద దించి చూస్తే నొక్కుడు 6 గ్రాములు దాటింది! "ఇది పాడించడం లేదు నాయనా, ఆకురాయి పెట్టి అరగదీస్తోంది" అన్నారు. తగ్గిద్దామంటే దానికి వెనక బరువే లేదు.

తర్వాత కొన్న యంత్రానికి ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ వచ్చింది. దానికి 2 గ్రాముల నొక్కుడు పెట్టాలి. ఈసారి నేనే ఆచారి గారిని పిలిపించుకున్నాను. ముల్లును తూకం దగ్గరకు తేగానే అంకెలు పిచ్చిగా ఎగిరాయి. కార్ట్రిడ్జ్ లోపలి అయస్కాంతాన్ని తూకం స్టీలు తట్ట లాగుతోంది. ఆయన తట్ట మీద పిల్లల రబ్బరు ముక్క పెట్టి, సున్నా చేసి, రబ్బరు పైభాగం రికార్డు ఎత్తుకు వచ్చేలా సర్ది, అప్పుడు ముల్లు దించారు. వెనక బరువును వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ 2.0 దగ్గర ఆపారు. ప్లేటును తిప్పేది బెల్టా, నేరుగా మోటారా (డైరెక్ట్ డ్రైవ్) అని రోజుల తరబడి వాదించుకునేవారు ఈ ఒక్క పనికి పది నిమిషాలు పెట్టరు, అదే నా బాధ.

కార్ట్రిడ్జ్‌కు మొదట్లోనే ఎక్కువ పోయనక్కర లేదు. ఈ వీఎం95 వరుసలో ఒంటిని అలాగే ఉంచి ముల్లు మాత్రం మార్చుకోవచ్చు. ఇంట్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు ఉంటే వాటికి వేరే ముల్లు తప్పనిసరి. వాటి గాడి వెడల్పు, ఎల్పీ (తర్వాత వచ్చిన పెద్ద ప్లేటు) ముల్లు అడుగున పడి దొర్లుతుంది.

ప్రీయాంప్ చివరిది. కార్ట్రిడ్జ్ ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. పైగా ఎల్పీ చెక్కేటప్పుడే మంద్రం తగ్గించి, తారం పెంచుతారు. 1954 నుంచి దీనికి ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ఒకటి స్థిరపడింది. దాన్ని తిరగేసి సరిచేసేది ప్రీయాంపే. అది లేకుండా యాంప్లిఫయర్‌కు కలిపితే ఘంటసాల గొంతు కూడా పీలగా వస్తుంది. టర్న్‌టేబుల్‌లోనే అది ఇమిడి ఉండి, ఆపేసే స్విచ్ కూడా ఉన్నది కొనండి. విడి ప్రీయాంప్ సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు. విడిగా కొన్నప్పుడు టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని ఎర్త్ తీగను ప్రీయాంప్ మీది ఎర్త్ స్క్రూకు బిగించండి. అది వదిలేసి, గుయ్యిమనే మోతకు నేను రెండు కేబుళ్లు మార్చాను.

మన ఊళ్లో విని కొనే దుకాణం ఒక్కటీ లేదు, అన్నీ కొరియర్‌లో తెప్పించుకోవాల్సిందే. పెట్టె విప్పేటప్పుడు టోన్‌ఆర్మ్ కట్టు ఊడిందేమో ముందు చూడండి. ప్లేట్లను నిలువుగా, కింది గదిలో పెట్టండి. మేడ మీద గదిలో మే నెల ఎండకు మావి మూడు అప్పడాల్లా వంగాయి.

ఇప్పుడు ఆ ఈపీలో పద్యానికీ పద్యానికీ మధ్య తంబుర శ్రుతి కూడా వినిపిస్తోంది. రెండో పద్యంలో ఆ చోటు వచ్చేసరికి మాత్రం గొంతు ఇంకా చీలుతూనే ఉంది. నాన్న అప్పుడు కిటికీ వైపు చూస్తారు.